జింకు, ప్రోటీన్ ఎక్కువుండే గోధుమ: మార్కర్ల సాయంతో వంగడం తయారుచేసే పద్ధతి

వరంగల్‌లో కూర్చుని గోధుమ గురించి రాస్తున్నానంటే మా ఊళ్లోవాళ్లే నవ్వుతారు. ఇక్కడ యాసంగి అంటే వరి, మొక్కజొన్న. గోధుమ చేను కనబడాలంటే ఆదిలాబాద్ దాటి మహారాష్ట్ర సరిహద్దు వైపు పోవాలి, అక్కడ కూడా కొద్ది ఎకరాలే. తిండి సంగతి మాత్రం వేరు. షుగర్ బయటపడ్డ ప్రతి ఇంట్లో రాత్రికి చపాతీయే. అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఇచ్చే బాలామృతంలో ప్రధాన దినుసు గోధుమే. పండించకపోయినా తింటున్నాం కాబట్టి ఆ గింజలో ఏముందో పట్టించుకోవాల్సిందే.

వ్యవసాయ కాలేజీలో మొక్కల ప్రజననం చదువుతున్న పిల్లలు, ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు, విత్తనాల మీద ఆసక్తి ఉన్న రైతులు దీన్ని ముందు పెట్టుకుని పని మొదలుపెట్టొచ్చు. పుస్తకాల్లో ఉన్నదంతా చెప్పను. ఎక్కడ దెబ్బతింటామో అక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఏ పోషకమో తేల్చుకోవాలి

"పోషకాలు ఎక్కువున్న గోధుమ" అని రాసుకుంటే పని ముందుకు సాగదు. ప్రోటీనా, జింకా, ఇనుమా? ఎంత నుంచి ఎంతకు పెంచాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు నోట్‌బుక్ మొదటి పేజీలో అంకెల్లో ఉండాలి.

మన దేశంలో మామూలు గోధుమ రకాల్లో జింకు 30 పీపీఎమ్ అటూ ఇటూ ఉంటుంది. పీపీఎమ్ అంటే కిలో గింజల్లో అన్ని మిల్లీగ్రాములు. 2017లో కర్నాల్ గోధుమ పరిశోధన సంస్థ నుంచి వచ్చిన డబ్ల్యూబీ-02లో అది 42. అదే ఏడాది లుధియానా నుంచి వచ్చిన హెచ్‌పీబీడబ్ల్యూ-01లో 40 దాటింది. అవి ఉత్తరాది చలికి, అక్కడి నేలకు తగినవి. గోధుమ సాగు లెక్కల్లో మనం ద్వీపకల్ప మండలం కిందికి వస్తాం. ఈ మండలం కోసం పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ ఎంఏసీఎస్ 4028 అనే డ్యూరమ్ (రవ్వకు వాడే గట్టి గోధుమ) రకం ఇచ్చింది. అందులో ప్రోటీన్ 14.7 శాతం, జింకు 40, ఇనుము 46 పీపీఎమ్. అంటే వేడి ప్రాంతంలో సాధ్యం కాదన్న మాట నిజం కాదు.

ప్రోటీన్ మీ లక్ష్యమైతే ఒక పెద్ద జన్యువు దొరికింది, మార్కర్లతో చేయడం సులువు. జింకు లక్ష్యమైతే దారి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మొదటిసారి చేసేవాళ్లు ప్రోటీన్‌తోనే చేయి తిప్పుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మార్కర్ అంటే ఏమిటి

మన దగ్గర అడ్రస్ ఎలా చెప్తాం? "చౌరస్తా దాటినాక వేపచెట్టు, దాని పక్క ఇల్లు" అంటాం. మార్కర్ ఆ వేపచెట్టు. క్రోమోజోమ్ మీద జన్యువు పక్కనే ఉండే చిన్న డీఎన్ఏ గుర్తు అది. చెట్టు ఇంటికి ఎంత దగ్గరైతే ఇల్లు తప్పిపోయే ప్రమాదం అంత తక్కువ. ఈ దూరాన్ని సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. ఒక సెంటీమోర్గాన్ దూరంలో ఉంటే, తర్వాతి తరానికి వెళ్లేటప్పుడు నూటికి ఒకసారి చెట్టు ఒకచోట, ఇల్లు ఇంకోచోట పడిపోవచ్చని లెక్క.

ఇదేమీ జన్యుమార్పిడి కాదు. బయటి జన్యువును గన్‌తో కొట్టి ఎక్కించడం ఇందులో లేదు. మామూలు సంకరణమే, ఏ మొక్కను ఉంచాలో ఏది పీకేయాలో ఆకు చూసి ముందే తెలుసుకుంటాం, అంతే. దీనికి ఉదాహరణ మన ఇంటి పక్కనే ఉంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) కలిసి బీపీటీ 5204లోకి, అంటే సాంబ మసూరిలోకి, ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను మార్కర్లతో తెచ్చాయి. 2008లో అది ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా విడుదలైంది. గింజ, అన్నం సాంబ మసూరివే, తెగులు మాత్రం తట్టుకుంటుంది. గోధుమలో మనం చేయబోయేదీ సరిగ్గా ఇదే.

ఒక తేడా మాత్రం ఉంది. వరిలో క్రోమోజోములు 12 జతలు. రొట్టె గోధుమలో 21 జతలు, అవీ ఏ, బీ, డీ అనే మూడు పాత జాతుల నుంచి వచ్చి కలిసినవి. ఒకే జన్యువుకు మూడు కాపీలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే గోధుమలో మార్కర్ ఎంచుకునేటప్పుడు అది మనకు కావాల్సిన కాపీనే, ఉదాహరణకు బీనే, పట్టుకుంటోందా, లేక ఏ, డీలను కూడా పట్టుకుని గందరగోళం చేస్తోందా అన్నది ముందు చూడాలి. 2018లో గోధుమ జన్యుపటం పూర్తిగా అచ్చయ్యాక ఈ పని చాలా తేలికైంది.

దాతను ఎంచుకోవడం

దాత అంటే మనకు కావాల్సిన జన్యువును ఇచ్చే మొక్క. ప్రోటీన్ పెంచే ఆ జన్యువు పేరు జీపీసీ-బీ1. ఇజ్రాయెల్‌లో సేకరించిన అడవి ఎమ్మర్ గోధుమలో దొరికింది. 6బీ క్రోమోజోమ్ పొట్టి చేయి మీద ఉంటుంది. 2006లో దాన్ని విడదీసి చూస్తే అది ఇంకా చాలా జన్యువులను నడిపించే ఒక స్విచ్ అని తేలింది. ఆకును తొందరగా పండించి, అందులోని నత్రజని, జింకు, ఇనుము గింజలోకి దిగేలా చేస్తుంది. మనం సాగుచేసే గోధుమల్లో చాలావాటిలో ఈ స్విచ్ చెడిపోయి ఉంది లేదా అసలు లేదు.

ఇక్కడ తొందరపడి నేరుగా అడవి ఎమ్మర్‌ను తెచ్చి సంకరించకండి. దాని క్రోమోజోములు 28, రొట్టె గోధుమవి 42. పుట్టే పిల్ల మొక్కకు 35 వస్తాయి. కంకి బాగానే కనబడుతుంది, గింజ మాత్రం సరిగ్గా పట్టదు. పైగా గింజలు రాలిపోయే గుణం లాంటి అడవి లక్షణాలన్నీ వెంట వస్తాయి. ఇప్పటికే ఈ జన్యువు ఎక్కించిన రొట్టె గోధుమ లైన్లు ఉన్నాయి. గ్లూప్రో అనే అమెరికా రకం అలాంటిదే. కర్నాల్ సంస్థకో, జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరోకో రాసి, ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టి తెచ్చుకోవాలి. కాగితాల పనికి నెలలు పడుతుంది కాబట్టి వానాకాలం మొదట్లోనే దరఖాస్తు పెట్టండి.

స్వీకర్త, అంటే మనం బాగుచేయాలనుకునే రకం, మన మండలంలో నిలదొక్కుకున్నదే కావాలి. ఎంఏసీఎస్ 6222, యూఏఎస్ 304 లాంటివి చూడొచ్చు. పంజాబ్ రకం తెచ్చి దాన్ని బాగుచేస్తే చివరికి మనకు బాగుపడ్డ పంజాబ్ రకమే మిగులుతుంది.

సంకరణం: పట్టుకారు, బటర్ పేపర్, ఓపిక

విత్తడం నవంబర్ మొదటి పక్షంలో. దాత మొక్క ఇక్కడి పగటి కాలానికి అలవాటు పడక ఆలస్యంగా పూస్తుంది, అందుకే దాన్ని పది రోజుల తేడాతో మూడు దఫాలు విత్తాలి. ఒక దఫా అయినా స్వీకర్త పూతకు జోడీ కుదురుతుంది. చలి బాగా తగిలితే తప్ప పూయని శీతాకాలపు రకాలను అసలు తేవద్దు. మన దగ్గర అవి గడ్డిలాగే ఉండిపోతాయి.

గోధుమ తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. కాబట్టి తల్లి కంకిలో పుప్పొడి తిత్తులను ముందే తీసేయాలి. కంకి పొట్ట దశ దాటి ఆకు తొడుగులోంచి అప్పుడే బయటికి వస్తున్నప్పుడు పట్టుకోవాలి. కింద, పైన ఉన్న చిన్న చిరుకంకులు తీసేయండి. మిగిలిన ఒక్కో చిరుకంకిలో నడిమి పూలు పీకి, అటొకటి ఇటొకటి రెండే పూలు ఉంచండి. పైపొట్టును మూడో వంతు కత్తిరించి, లోపలున్న మూడు తిత్తులను పట్టుకారుతో ఒక్కొక్కటిగా తీయాలి. తిత్తి ఆకుపచ్చగా ఉంటే సరే. ఒక్కటైనా పసుపు తిరిగి ఉంటే ఆ పూవును వదిలేయండి, మొహమాటం వద్దు. బటర్ పేపర్ కవర్ తొడిగి ట్యాగ్ కట్టాలి.

ట్యాగ్ మీద పెన్సిల్‌తోనే రాయండి. నా మొదటి ఏడాది జెల్ పెన్‌తో అందంగా రాసుకున్నాను. సంక్రాంతి ముందు మంచు నాలుగు రోజులు కురిసింది. 60 కంకుల్లో 22 ఎవరివో తెలియకుండా పోయాయి. ఆ సీజన్ మళ్లీ రాలేదు.

రెండు మూడు రోజుల తర్వాత పొద్దున్నే కవర్ తీసి చూస్తే కీలాగ్రం ఈకలా విచ్చుకుని ఉంటుంది. దాత కంకి నుంచి పగలడానికి సిద్ధంగా ఉన్న పసుపు తిత్తిని తెచ్చి దాని మీద రుద్దాలి. ఎండ ఎక్కితే పుప్పొడి నిమిషాల్లో ఎండిపోతుంది, పది దాటాక చేసిన పని దండగ. పొట్టు కత్తిరించాం కాబట్టి సంకర గింజలు ముడతలు పడి సన్నగా వస్తాయి. తాలు అనుకుని పారేయకండి, మొలుస్తాయి.

ఆకు నుంచి జెల్ దాకా

మొదటి సంకరం మొక్కలను మళ్లీ స్వీకర్తతో కలపడాన్ని బ్యాక్‌క్రాస్ అంటారు. మార్కర్‌తో అసలు పని అక్కడే మొదలవుతుంది. మొలిచిన 15, 20 రోజులకు మూడు ఆకులు వస్తాయి. పూత సుమారు 60వ రోజుకు. ఈ మధ్యలో ఉన్న 40 రోజుల్లో డీఎన్ఏ తీయడం, పీసీఆర్ (కావాల్సిన డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీయడం), జెల్ (ఆ ముక్కలను పొడవును బట్టి విడదీసి చూడడం), లెక్క అన్నీ ముగించి ఏ మొక్కను సంకరించాలో చేతిలో జాబితా ఉండాలి. ఆలస్యమైతే అన్ని మొక్కలనూ గుడ్డిగా సంకరించాల్సి వస్తుంది. మార్కర్ పెట్టిన ఖర్చుకు అర్థం ఉండదు.

ఒక్కో మొక్క నుంచి మూడు, నాలుగు సెంటీమీటర్ల లేత ఆకు ముక్క చాలు. మంచులో పెట్టి ల్యాబ్‌కు తేవాలి. కల్వంలో నూరి, 65 డిగ్రీల సీటీఏబీ అనే, కణాలను పగలగొట్టే సబ్బులాంటి ద్రావణంలో ముప్పావుగంట ఉంచాలి. క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమంతో కలిపి తిప్పితే డీఎన్ఏ పై పొరలో ఉంటుంది. ఆ పొరను ఇంకో ట్యూబ్‌లోకి తీసి ఐసోప్రొపనాల్ పోస్తే తెల్లటి దారంలా తేలుతుంది. దాన్ని 70 శాతం ఇథనాల్‌తో కడిగి ఆరబెట్టి, డీఎన్ఏ పాడవకుండా ఉంచే టీఈ బఫర్‌లో కరిగించాలి. క్లోరోఫామ్ పనంతా పొగగూటి కింద, గ్లౌజులతోనే. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 260, 280 నానోమీటర్ల కాంతిని పీల్చే నిష్పత్తి 1.8 దగ్గర ఉంటే శుభ్రంగా వచ్చినట్టు.

పీసీఆర్ మామూలే: 94 డిగ్రీల వద్ద విడదీయడం, మార్కర్‌ను బట్టి 55, 60 మధ్య అతకడం, 72 వద్ద పొడిగించడం, ఇలా 35 చుట్లు. జీపీసీ-బీ1కు ఎక్కువగా వాడే ఎక్స్‌యూహెచ్‌డబ్ల్యూ89 అనే మార్కర్ జన్యువుకు 0.1 సెంటీమోర్గాన్ దూరంలోనే ఉంది. ఇంత దగ్గరి వేపచెట్టు దొరకడం అదృష్టం. చిక్కు ఏమిటంటే దాత రూపానికీ స్వీకర్త రూపానికీ తేడా నాలుగు బేసులే, అంటే నాలుగు డీఎన్ఏ అక్షరాలే. మామూలు అగరోజ్ జెల్ మీద రెండూ ఒకే గీతలా కనబడతాయి, పాలీఅక్రిలమైడ్ జెల్ వేయాల్సిందే. చాలామంది ఇక్కడే నిరాశపడి మార్కర్ పనిచేయడం లేదనుకుంటారు. పనిచేయనిది జెల్.

ప్రతి జెల్‌లో నాలుగు గుంతలు కంట్రోళ్లకు వదలండి: దాత, స్వీకర్త, రెండింటి డీఎన్ఏ సమానంగా కలిపింది, ఖాళీ నీళ్లు. మూడోది చాలామంది వేయరు. రెండు రూపాలూ ఉన్న మొక్క ఎలా కనబడుతుందో చెప్పేది అదే. ఇక యంత్రానికి యూపీఎస్ ఉందో లేదో ముందే చూసుకోండి. మాకోసారి 28వ చుట్టులో కరెంటు పోయి 96 శాంపిళ్లు గంగపాలయ్యాయి. పూత ఇంకా వారమే ఉంది, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఎన్ని మొక్కలు పెంచాలి

బ్యాక్‌క్రాస్‌లో సగం మొక్కలకు జన్యువు వస్తుంది. కనీసం ఒక మొక్క అయినా దొరకాలని 99 శాతం ధీమా కావాలంటే ఏడు మొక్కలు చాలు. కానీ మనకు కావాల్సింది జన్యువు ఒక్కటే కాదు. దాని వెంట దాత నుంచి వచ్చిన చెత్త ఎంత తక్కువుంటే అంత మంచిది.

జన్యువుకు ఒక పక్క ఐదు సెంటీమోర్గాన్ల లోపు తెగిన మొక్క కావాలంటే అది నూటికి రెండున్నర మొక్కల్లోనే ఉంటుంది. అదే 99 శాతం ధీమాకు 180 మొక్కలు వెతకాలి. అందుకని మొదటి బ్యాక్‌క్రాస్‌లో ఒక పక్క, రెండో బ్యాక్‌క్రాస్‌లో రెండో పక్క తెంపుకోవడం తెలివైన పని. రెండు పక్కలూ ఒకే తరంలో తెగాలని ఆశపడితే వేల మొక్కలు కావాలి.

ఆ తర్వాత మిగతా క్రోమోజోములు చూడాలి. ఒక్కో క్రోమోజోమ్‌కు మూడు, నాలుగు మార్కర్ల చొప్పున 60 నుంచి 80 మార్కర్లు వేస్తే స్వీకర్త పోలిక ఎంత తిరిగి వచ్చిందో తెలుస్తుంది. సగటు లెక్కన మొదటి బ్యాక్‌క్రాస్‌లో 75 శాతం, రెండో దాంట్లో 87.5, మూడో దాంట్లో 93.75. మార్కర్లతో ఏరితే రెండో తరంలోనే మూడో తరం పోలిక దొరకొచ్చు. అంటే ఒక ఏడాది మిగిలినట్టు.

చివరి బ్యాక్‌క్రాస్ మొక్కను తనంతట తాను గింజ కట్టనిచ్చి, ఆ గింజల నుంచి 6బీ జతలోని రెండు క్రోమోజోముల మీదా జన్యువు ఉన్న మొక్కను ఏరాలి. నాలుగో వంతు మొక్కలకు అలా ఉంటుంది, 16 మొక్కలు చూస్తే చాలు.

ఏడాదికి ఒకే యాసంగి కాబట్టి ఇదంతా మన దగ్గర ఐదారేళ్లు తింటుంది. పెద్ద సంస్థలు వేసవి పంటను హిమాచల్‌లోని డలాంగ్ మైదాన్‌లోనో, నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లోనో వేసుకుని రెండు తరాలు లాగుతాయి. రోజుకు 22 గంటలు వెలుగు ఇచ్చే గది ఉంటే ఆరు తరాలు కూడా సాధ్యమే, కరెంటు బిల్లు భరించగలిగితే.

మార్కర్ చెప్పని సంగతి

ఈ భాగం నిదానంగా చదవండి. మిగతా అంతా ఏ ట్రైనింగ్‌లోనైనా నేర్పిస్తారు.

జీపీసీ-బీ1 ఆకును తొందరగా పండిస్తుంది అన్నాను కదా. చలి ఏప్రిల్ దాకా సాగే దేశాల్లో కొన్ని రోజులు ముందు పండినా నష్టం పెద్దగా ఉండదు. మన దగ్గర ఫిబ్రవరి సగానికే పగటి వేడి 30 దాటిపోతుంది. గింజ పాలుపోసుకునే దశే అసలు కురచ. దాని మీద ఆకును ముందే పండించే జన్యువు తెచ్చి పెడితే గింజ నిండకముందే మూత పడొచ్చు.

ఇంకా మాయ ఏమిటంటే, ముడుచుకుపోయిన గింజలో పీపీఎమ్ పెరుగుతుంది. పిండిపదార్థం సరిగ్గా చేరలేదు, జింకు, ప్రోటీన్ ముందే చేరాయి, కాబట్టి శాతం ఎక్కువగా కనబడుతుంది. ఒక లెక్క చూడండి. 40 మిల్లీగ్రాముల నిండు గింజలో 35 పీపీఎమ్ జింకు ఉంటే మొత్తం 1.4 మైక్రోగ్రాములు. 28 మిల్లీగ్రాముల తాలు గింజలో 45 పీపీఎమ్ ఉన్నా మొత్తం 1.26 మైక్రోగ్రాములే. కాగితం మీద రెండోది గొప్ప వంగడం. చేలో మాత్రం దిగుబడీ పోయింది, జింకూ పోయింది. మేము ఒక ఏడాది ఇలాంటి లైన్‌ను చూసి సంబరపడి స్వీట్లు కూడా పంచాం. వెయ్యి గింజల బరువు తూచాక నోట మాట రాలేదు.

అందుకే పీపీఎమ్ రాసే గడి పక్కనే వెయ్యి గింజల బరువు, ఎకరా దిగుబడి గడులు తప్పనిసరిగా పెట్టండి. మూడూ కలిసి నిలబడ్డ లైన్‌నే ముందుకు తీసుకెళ్లండి. మార్కర్ సరైనదే చూపించింది, జన్యువు ఉందంది, ఉంది. గింజ నిండిందా లేదా అన్నది తక్కెడను అడగాలి.

కొలవడంలో మోసపోకుండా

ప్రోటీన్‌కు పరారుణ కాంతితో చూసే ఎన్‌ఐఆర్ యంత్రం చాలు, గింజ పాడవదు. గింజను ఆమ్లంలో ఉడికించి నత్రజని కొలిచే కెల్డాల్ పద్ధతిలో చేస్తే నత్రజనిని గోధుమకు 5.7తో గుణించాలి. వేరే పంటలకు వాడే 6.25తో గుణించి ఎక్కువ ప్రోటీన్ వచ్చిందని చెప్పేవాళ్లను చూశాను.

జింకు, ఇనుములకు ఎక్స్‌రేలతో చూసే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో వందల శాంపిళ్లు త్వరగా జల్లెడ పట్టి, బాగున్నవాటిని మాత్రమే ఆమ్లంలో కరిగించి, ఖనిజాలను కచ్చితంగా కొలిచే ఐసీపీ యంత్రంలో చూసుకోవచ్చు. ఇనుము అంకెను మాత్రం ఒక్కపట్టున నమ్మకండి. నూర్పిడిలో అంటిన మట్టి కొంచెం ఉన్నా ఇనుము ఎగబాకుతుంది. అదే శాంపిల్‌లో అల్యూమినియం కూడా చూడండి. అది ఎక్కువుంటే మీరు కొలిచింది గింజను కాదు, దుమ్మును.

నేల సంగతి కూడా. డీటీపీఏ అనే మట్టి పరీక్షలో మొక్కకు అందే జింకు 0.6 పీపీఎమ్ కంటే తక్కువున్న మడిలో ఏ జన్యువూ గింజలోకి జింకు తేలేదు. ఎకరం మడిలో కూడా ఒక మూల జింకు బాగుండి ఇంకో మూల లేకపోవచ్చు. అందుకని పరీక్ష మడిలో నాలుగైదు చోట్ల మట్టి తీయించండి, ప్రతి పది వరసలకొకసారి స్వీకర్త రకాన్నే మళ్లీ విత్తండి. పక్కనున్న స్వీకర్తతో పోల్చి చూస్తేనే తేడా జన్యువుదో నేలదో తెలుస్తుంది.

జింకు కోసమైతే

జీపీసీ-బీ1 జింకును కొంత దించినా, జింకు మొత్తాన్ని నడిపే ఒక్క పెద్ద స్విచ్ లేదు. చాలా క్రోమోజోముల మీద చిన్న చిన్న జన్యువులు తలా కొంత కలుపుతాయి. వాటిని ఒక్కొక్కటిగా మార్కర్లతో తేవడమంటే చిల్లర పైసలు ఏరుకోవడమే. దీనికి జీనోమిక్ సెలెక్షన్ నయం. కొన్ని వందల లైన్లలో జింకు కొలిచి, అవే లైన్లలో వేల మార్కర్లు చదివి, ఏ కలయిక జింకును పెంచుతోందో కంప్యూటర్‌తో లెక్కకట్టి, కొత్త మొక్కలను ఆకు దశలోనే అంచనా వేస్తారు. ఇది ఒక కాలేజీ ల్యాబ్ ఒంటరిగా మోసే పని కాదు. మీ వంతుగా వరంగల్ వేడిలో ఆ లైన్లను పెంచి నిక్కచ్చిగా కొలిచి ఇవ్వడమే పెద్ద సాయం. ఇలాంటి వేడి ప్రాంతాల కొలతలు లెక్కలో కలిస్తేనే ఆ అంచనాలు మనకు పనికొస్తాయి.

చివరి పరీక్ష వంటింట్లో

తేలిన రెండు మూడు లైన్లను కనీసం రెండు యాసంగుల పాటు వేర్వేరు చోట్ల, వీలైతే ఆదిలాబాద్ నల్లరేగడిలో కూడా వేసి చూడాలి. ఆకు తుప్పు, కాండం తుప్పు తెగుళ్లను తట్టుకుంటున్నాయా అన్నది మన మండలంలో తప్పక చూడాల్సిన విషయం. అఖిల భారత పరీక్షలు, విడుదల కాగితాలు ఆ తర్వాత.

ఈ లోపల ఒక కిలో గింజలు గిర్నీకి తీసుకెళ్లండి. పరీక్షకు పంపే శాంపిల్‌ను మాత్రం గిర్నీలో వేయించొద్దు, యంత్రం అరిగిన ఇనుము పిండిలో కలుస్తుంది. ల్యాబ్ శాంపిల్ ల్యాబ్ మిల్లులోనే. గిర్నీ పిండి చపాతీల కోసం. జల్లెడ పట్టొద్దు, జింకు ఎక్కువగా ఉండేది పైపొరలోనూ మొలకలోనూ, దాన్ని తౌడులో పారేస్తే ఆరేళ్ల పని గేదెకు పోతుంది. మేము మా లైన్ల పిండిని పేర్లు చెప్పకుండా నంబర్లు వేసి పదిమంది ఇళ్లకు పంచాం. మా అత్తమ్మ మూడో నంబర్‌ది పొద్దున చేస్తే రాత్రికీ మెత్తగా ఉందన్నారు, ఐదో నంబర్‌ది అప్పడంలా అయిందన్నారు. ఐదోది మా జాబితాలో ప్రోటీన్‌లో మొదటిది. దాన్ని మళ్లీ స్వీకర్తతో సంకరించి మొన్న నవంబర్‌లో విత్తాం.